కొమురెల్లి బావ ఎడమ చెయ్యి

మా బావ కొమురెల్లి యూనియన్ మనిషి. బొగ్గు బాయిలో బండ పడి కుడి భుజం పాడయ్యాక ఆ చెయ్యి పైకి లేవదు. అందుకని నినాదానికి ఎడమ పిడికిలే ఎత్తుతాడు. రిటైరైనా గోదావరిఖనిలో ఏ గేట్ మీటింగూ ఆయన లేకుండా జరగదు. ఇంట్లో ఉప్పు నిండుకుందని మా అక్క సారవ్వ చెబితే మాత్రం ఆయన చెవికెక్కదు.

ఈమధ్య గుండె మరీ నెమ్మదించి తూలి పడిపోతుంటే కరీంనగర్‌లో పేస్‌మేకర్ పెట్టారు. ఎడమ భుజం దగ్గర, చర్మం కింద చిన్న డబ్బీ. అందులో బ్యాటరీ, సర్క్యూట్. దాన్నుంచి ఒక వైరు రక్తనాళం గుండా గుండెలోకి దిగుతుంది. దాని కొస గుండె గోడకు ఆనుకుని కాపలా కాస్తుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే డబ్బీ ఊరుకుంటుంది. ఆలస్యం చేస్తే చిటికెడు కరెంటు పంపి కొట్టిస్తుంది.

"ఆ కొస గట్టిగ అతుక్కునేదాక ఎడమ చెయ్యి భుజం దాటి లేపొద్దు. వైరు జారుతది," అన్నాడు డాక్టర్. బావ తలూపాడు. ఆ తలూపుడు సంగతి నాకు తెలుసు.

ఇంటికొచ్చిన వారానికే ఆయన పాత దోస్తు రాయమల్లు పోయాడు. బాయి గేటు ముందు సంతాప సభ. వద్దంటే బావ వినలేదు.

"చెయ్యి జేబుల పెట్టుకో," అంది అక్క. పెట్టుకున్నాడు. మొదటి "జోహార్"కు అందరి పిడికిళ్లూ లేచాయి. బావ చెయ్యి జేబులోనే మెలికలు తిరిగింది. రెండోదానికి అక్క ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోదానికి విదిలించుకుని ఎత్తేశాడు. ఇక దించితే ఒట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

జనంలోంచి బయటికి నడుస్తుండగా బావ కళ్లు తేలేసి నా మీద పడ్డాడు. ఎవరిదో కారులో కరీంనగర్ బయలుదేరాం. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీలు దారివ్వలేదు. అక్క ఆయన మణికట్టు వదల్లేదు.

"నాడి దొరుకుతలేదురా తమ్మీ... ఆఁ, దొరికింది... మల్ల పోయింది."

నేను ఏడ్చేశాను, చెప్పడానికి సిగ్గెందుకు.

వైరు కొస జారిందట. డబ్బీ కరెంటు పంపుతూనే ఉంది, అది గుండెకు అందడం లేదు. మళ్లీ కోసి కొసను దాని చోట నిలిపారు.

బావకు మెలకువ వచ్చాక అక్క తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది.

"నువ్వు పోతే మీటింగు పెడుతరు. జోహార్లు చెప్పి ఎవలింటికి వాళ్లు పోతరు. నేనేడికి పోవాలె? నా కోసం ఆ చెయ్యి కిందికుంచు," అంది.

ఈసారి బావ తలూపి ఊరుకోలేదు.

"ఉంచుత," అన్నాడు.

ఇన్నేళ్ల సంసారంలో మా అక్క డిమాండు ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి.