ఆకు కోసిన క్రిస్మస్

పోయిన వారం హిందూపురంలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే బావ ఫోను చేశాడు. "అమ్మ పోయింది పాపా. పొద్దున లేసి కాఫీ తాగింది. మళ్ళా పండుకొని లేయలేదు" అన్నాడు. బావ వాళ్ళమ్మ మా నాయనకు అక్క, నాకు మేనత్త. ఎనభై దాటిన మనిషి. ఒకరి చేత మంచం దగ్గర చేయించుకోకుండా వెళ్ళిపోయింది. ఆమెను సమాధుల తోటలో దించి వచ్చినప్పటి నుంచి నాకు ఒక్క క్రిస్మస్సే పదేపదే గుర్తుకొస్తోంది. అది మీకు చెప్పాలనిపించింది.

అప్పట్లో మేము ధర్మవరంలో ఉండేవాళ్ళం. నాయన మగ్గం నేసేవాడు. ఏటా డిసెంబరు ఇరవై నాలుగున నాయన, అమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్ళు బస్సెక్కి పెనుకొండ దాటి అత్త ఊరికి పోయేవాళ్ళం. అత్తకు ఎకరా మల్బరీ తోట, పక్కనే పట్టుపురుగుల షెడ్డు. మామ చిన్న వయసులోనే పోయాడు. కొడుకును పెట్టుకుని ఆ పురుగుల మీదే సంసారం లాక్కొచ్చింది.

పట్టుపురుగుకు ఏ ఘాటు వాసనా పడదు. అందుకని ఆ ఇంట్లో పండుగ నాడు కూడా పౌడరు పూసుకోకూడదు. టపాకాయల మాటే లేదు. కొత్త గౌన్లకు అంగడి వాసన ఉంటుందని అత్త వాటిని నీళ్ళలో జాడించి ఆరేసేది. ఆ పెళపెళలాడే కొత్తదనం పోయిందని మేము ముఖాలు ముడుచుకునేవాళ్ళం. కజ్జికాయలు వేయించాలంటే తోట చివర, గాలి షెడ్డు వైపు పోని చోట మూడు రాళ్ళు పెట్టేది. చలికి ఆ పొయ్యి చుట్టూ ఒదిగి కూర్చుంటే క్రీస్తు పుట్టిన కథ చెప్పేది. ఆమెకు చదువు రాదు. పాస్టరయ్య చదవగా విన్నదే చెప్పేది. సత్రంలో చోటు దొరకలేదన్న మాట దగ్గర ప్రతి ఏడూ ఆగిపోయేది. "అంతమంది ఉండారు కదా, ఒక్కరన్నా జరగలేదు సూడు" అని నిజంగా బాధపడేది.

పండుగ భోజనానికి కూడా, పురుగులకు ఆకు వేశాకే మాకు విస్తళ్ళు పరిచేది. "ఆకలైన జీవాలు లోపల ఉండంగా మనకు ముద్ద యెట్ల దిగుతాది?" అనేది. పిల్లల చేతులకు ఏవో ఒక వాసనలు ఉంటాయని మమ్మల్ని మాత్రం షెడ్డు గడప తొక్కనిచ్చేది కాదు.

నాకు పదేళ్ళ వయసున్న ఏడాది మేము బస్సు దిగి తోట దాకా పోయేసరికి అత్త దూరం నుంచే చెయ్యెత్తి ఆపింది. "ఆడే నిలబడండి, దగ్గరికి రావద్దండి!"

ఆమె వెనకాల బావ గొయ్యి తవ్వుతున్నాడు. పురుగులకు రోగం తగిలింది. ఒంట్లోంచి పాలలాంటి నీరు కారి, తట్టలకు తట్టలు చచ్చిపోయాయి. ఇంకో వారంలో గూళ్ళు కట్టాల్సిన పురుగులు. తల్లీకొడుకులు వాటిని గోతిలో పోసి, సున్నం చల్లి, మన్ను కప్పారు. మేము గట్టు మీద నిలబడి చూశాం. అత్త ఏడవలేదు. మన్ను కప్పేటప్పుడు మాత్రం పారను మెల్లగా వంచింది.

నాయన గట్టు మీద నుంచే, "ఈ యేడు పండగ వద్దులేక్కా. మేము తిరిగి పోతాము" అన్నాడు.

"పురుగులు పోయినాయప్పా. పండగ యాడికి పోయింది?" అంది అత్త.

వేడినీళ్ళు పోసుకుని వచ్చి కాగితం నక్షత్రం తనే కట్టింది. కజ్జికాయలూ చేసింది.

మరునాడు పొద్దున మేము చర్చికి తయారవుతుంటే పక్క తోటాయన కంచె దగ్గర కనిపించాడు. ఆయనా పురుగులే పెంచేవాడు. మాటలాడడానికి వచ్చి, కంచె రాటను పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఏమప్పా, గమ్మున నిలబడినావు?" అంది అత్త.

"ఏం చెప్పేదక్కా. బోరు ఎండిపోయింది. ఆకు అయిపోయింది. ఇంకా రెండు దినాలు మేయాల పురుగులు."

"నా తోటలో ఆకుండాది కదా."

"నీకింత కష్టమొచ్చిన మరుసటి దినమే నేనెట్ల అడిగేదక్కా?"

"నాకు కష్టమొస్తే నీ పురుగులు పస్తుండాల్నా?"

అని, మా వైపు తిరిగింది. "ఆకుకు రోగం లేదు. రోగమంతా నా చేతుల్లో, నా కొడుకు చేతుల్లో ఉండాది. మీ చేతులు మంచివి. మీరే కోయండి తల్లీ."

నాయన ఆకాశం వైపు చూసి, "ప్రార్థనకు ఆలస్యమైతాదక్కా" అన్నాడు.

"ఎండెక్కితే ఆకు వాడిపోతాది. దేవుడు మనకోసరం కాసేపు ఉంటాడులే."

మేము కొత్త గౌన్లతోనే తోటలో దిగాం. మంచుకు ఆకులు చల్లగా ఉన్నాయి. తుంచిన చోటల్లా పాలు కారి వేళ్ళు జిగటగా అయ్యాయి. అమ్మ కొంగు దోపుకుంది. నాయన మోపులు కట్టి పక్కాయన నెత్తికి ఎత్తాడు. అత్త గట్టు మీద నిలబడి, ఒక్క ఆకునూ తాకకుండా, ఏ కొమ్మ కోయాలో చెబుతూ పోయింది. తనకు మిగిలిన ఒకే ఒక్క పంటను మా చేతులతో ఇచ్చేస్తోందని అప్పుడు నాకు తెలియలేదు. ఆమె ముఖం చూసి మాత్రం చెల్లెళ్ళు కూడా అల్లరి మానేశారు.

చివరి మోపు వెంట అందరం పోయాం. ఆయన షెడ్డు వెనక కిటికీ దారి మీదికే ఉంది. చలికి దానికి గోనెపట్ట కట్టాడు. "లోపలికొచ్చి సూడక్కా" అన్నాడాయన.

"వద్దప్పా. స్నానం చేసినా నాకు నమ్మకం లేదు. ఈడే ఉంటా."

ఆయన లోపలికి పోయి ఆకు పరిచాడు. కాసేపటికి కిటికీ దగ్గరికి వచ్చి, లోపలి నుంచే గోనెపట్ట పైకెత్తాడు.

సన్నటి వాన చప్పుడు మొదలైందనుకున్నాను. తలెత్తి చూస్తే ఒక్క మబ్బు లేదు. ఆ చప్పుడు కిటికీలోంచి వస్తోంది. లోపల వేల పురుగులు ఒక్కసారిగా ఆకు మేస్తున్నాయి. అంత చిన్న నోళ్ళకు అంత చప్పుడు ఉంటుందని నాకు తెలియదు.

పక్కకు చూశాను. అత్త చర్చిలోకి పోయేటప్పుడు లాగే చెప్పులు విడిచి, దూరంగా పెట్టి, తల మీద కొంగు కప్పుకుని దుమ్ములో నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని వింటోంది. ఎంతసేపైనా కదల్లేదు. కిటికీలో పక్క తోటాయన, చేతులు నొప్పి పుట్టినా, ఆ గోనెపట్టను అలాగే ఎత్తి పట్టుకున్నాడు.