చీరల డబ్బాలో కట్టిన ఇల్లు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో మనుషుల కంటే పురుగులకే మర్యాద ఎక్కువ.

హోసూరు దగ్గర, కెలమంగలం పక్కన మా ఊరు. పట్టుపురుగులు పెంచేవాళ్లం. ఉన్నవి రెండు గదులు... పెద్దది పురుగులది. చిన్నదాంట్లో వంట, పడక, అమ్మ, నాన్న, నేను.

పురుగులున్న ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. బయటివాళ్లు లోపలికి రాకూడదు. మల్లెపూలు పెట్టుకొచ్చినా, పౌడరు పూసుకొచ్చినా, బీడీ తాగి వచ్చినా పురుగుకు పడదంటారు. పొర విడిచే ముందు అవి మేత మాని కదలకుండా పడుంటాయి. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. ఆ రోజుల్లో గడప దగ్గర తుమ్మినా అమ్మ కళ్లెర్రజేసేది. ఇంట్లో బిడ్డకు నిజం జ్వరం వచ్చినా అంత హడావిడి ఉండదు... నాకు వచ్చినప్పుడు చూశాను కదా.

నాతో ఆడుకోవడానికి పిల్లలొస్తే అమ్మ బయటికొచ్చేది.

"రావద్దమ్మా... పురుగులు జ్వరంలో ఉండాయి. ఆడనే నిలబడి మాట్లాడుకోండి."

అమ్మను తప్పు పట్టలేను. పట్టుగూళ్ల పంట పోతే మా పొయ్యి వెలగదు. కానీ పిల్లలు మాత్రం ఎన్నిసార్లని నిలబడతారు... మెల్లగా రావడం మానేశారు. పంట దిగి, గోడలకు సున్నం కొట్టి, తలుపులు బార్లా తెరిచినప్పుడు నేనే పోయి పిలిచినా రాలేదు. రావద్దు రావద్దు అని చెప్పగా చెప్పగా, రమ్మన్నా రాని అలవాటైపోయింది వాళ్లకు.

అక్కాచెల్లెళ్లు లేరు. ఒక్కదాన్నే.

అందుకని ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివన్నీ నావి. పసుపు పెట్టిన పెళ్లిపత్రికను చెత్తలో వేయకూడదని అమ్మ అటక మీద దాచేది. ఎన్నాళ్లని దాస్తుంది... చివరికి నా చేతిలో పెట్టేది. జాకెట్టు గుడ్డల ముక్కలు, మందు సీసాల మూతలు, పగిలిన గాజులు... అన్నిటికంటే ముఖ్యంగా, మార్కెట్లో ఎవరూ కొనని పట్టుగూళ్లు. మచ్చపడినవి, చిల్లుపడినవి, రెండు పురుగులు కలిసి ఒకటే కట్టుకున్న జంటగూళ్లు. జంటగూటి దారం చిక్కుపడుతుందని కొనేవాళ్లు పక్కకు తోసేసేవాళ్లు. నాన్న వాటిని సంచిలో తెచ్చి నా ముందు పోసేవాడు.

"ఇందమ్మా... నీ యాపారానికి" అనేవాడు.

ఇలా అక్కర్లేనివాటితో బొమ్మలు చేసుకోవడాన్నే ఇప్పుడు క్రాఫ్ట్ అంటున్నారు. మాకు అప్పుడు పేరేమీ లేదు. పొద్దుపోవాలి, అంతే.

వీధి చివర అంగడి పెట్టుకున్న శెట్టిగారి అమ్మాయి సరళ ఒక్కతే నా కోసం రావడం మానలేదు. పంట దిగినప్పుడు రమ్మన్నా, అలవాటుకొద్దీ గడప బయట నిలబడే కబుర్లు చెప్పేది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆ సరళా ఒకరోజు వచ్చి, అంగడి హోసూరుకు మారుస్తున్నారని, ఆ వారంలోనే పోతున్నారని చెప్పింది. చెప్పి, మెడ సాచి లోపలికి చూసింది.

"మీ ఇంట్లో ఏముంటాదో నేను ఒక్కసారైనా చూడలేదే" అంది.

అమ్మనడిగాను.

"నాలుగో జ్వరం లేచి మేత మీదుండాయి. ఇప్పుడు ఎవురినీ రానీను. పంట దిగినాక పిలుచుకో" అంది.

పంట దిగేసరికి సరళ ఎక్కడుంటుంది... ఏడుపొచ్చింది. అమ్మకు నా ఏడుపు వినే తీరిక లేదు, ఆకు కోయడానికి తోటకు పరుగెత్తింది.

సరళ ఇంట్లోకి రాకూడదు, సరే. ఇల్లే సరళ దగ్గరికి పోతే ఎవరొద్దంటారు?

పాత చీరల డబ్బా తీసుకున్నాను. పెళ్లిపత్రికలు మడిచి గోడలు పెట్టాను. అగ్గిపుల్లలతో స్టాండు, దాని మీద పురుగులుండే తట్టలకు బదులు సీసా మూతలు, వాటి నిండా పురుగులని తెల్లదారం ముక్కలు. గాజు ముక్కలు పేర్చి పొయ్యి. చిల్లు గూటికి నల్లదారంతో జడ వేసి జాకెట్టు ముక్క చుడితే అమ్మ. మచ్చ గూటికి తలగుడ్డ కడితే నాన్న. అన్నం పెట్టుకోవడం కూడా మరిచిపోయి చేశాను.

వాళ్లు లారీకి సామాను ఎక్కిస్తున్న రోజు తీసుకుపోయాను. సరళ మట్టిలోనే చతికిలబడి, వేలు పెట్టి అంతా చూసింది. ఇది పొయ్యి, ఇది మీ అమ్మ, పురుగులు ఎన్నుండాయే అనుకుంటూ... తర్వాత తలెత్తింది.

"ఇందులో నువ్వు యాడుండావే?"

నేను లేను. అందరినీ చేశాను, నన్ను చేసుకోలేదు. మరిచిపోయానని చెప్పాను గానీ, ఆ ఇంట్లో నాకూ ఒక చోటు ఉంటుందని నాకసలు తోచనేలేదు.

సరళ నా పరికిణీ ఒడిలో కట్టుకొచ్చిన మిగులు గూళ్లలోంచి ఒక జంటగూడు ఏరింది. పెన్నుతో ఈ కొసన ఒక మొహం, ఆ కొసన ఒక మొహం గీసి పొయ్యి పక్కన పెట్టింది.

"ఇద్దరమూ ఈడనే ఉండాం, పో" అంది.

డబ్బా తననే తీసుకుపొమ్మన్నాను. లారీ ముందు సీట్లో, ఒళ్లో పెట్టుకుని పోయింది. నేను ఇంటికొచ్చాను. పురుగులు ఆకు కొరికే చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. అంత దిగులు నాకు మళ్లీ ఎప్పుడూ పట్టలేదు...

ఇప్పుడు నేనూ హోసూరులోనే ఉన్నాను. సరళను వెతికాను, దొరకలేదు. మా ఆయన తెల్లారకముందే బెంగళూరు బస్సెక్కుతాడు. మా పాపకు పోయినసారి పుట్టినరోజుకు క్రాఫ్ట్ కిట్ కొన్నాం. అన్నీ కత్తిరించిన ముక్కలే. తలుపేసుకుని ఒక్కతే అతికించి, ఫోటో తీసి పంపింది... పక్కగదిలో ఉన్న నాకు. కాలింగ్ బెల్ మోగితే కొరియర్ వచ్చిందనే అనుకుంటాం, అదే అవుతుంది కూడా.

ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివాటితో మీరు చిన్నప్పుడు ఏమేం చేసుకున్నారో రాయండి... రాయడం బద్ధకమైతే, హోసూరు వైపు వచ్చినప్పుడు మా ఇంటికే వచ్చి చెప్పండి. ముందుగా ఫోను చేయక్కర్లేదు. వాకిట్లో నిలబడకుండా లోపలికి వచ్చి కూర్చోండి, చాలు.