మెట్టెల్లో కలిపిన వెండి

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక పెళ్లికూతురి మెట్టెల్లో విధవరాలి వెండి కలిపాను. తెలిసే కలిపాను.

ఆ వెండి నాదే. నా భర్త పోయిన పదకొండో రోజున మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, నా కాళ్ల దగ్గర కూర్చుని మెట్టెలు తీసింది. వేళ్లు వాచి ఉన్నాయి, రాలేదు. కాస్త నూనె రాయమన్నాను. వినలేదు. మెలితిప్పి లాగింది. తోలు కూడా ఊడి వచ్చింది. మెట్టెలను గడప బయటికి విసిరేసింది. అందరూ పోయాక వెతికి తెచ్చుకుని ఆవాల డబ్బాలో దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నాకూ తెలియదు.

తర్వాత బతకడానికి పని నేర్చుకున్నాను. రోజూ ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోని పోయి, ఒక ముసలి సాయబు దగ్గర ఇసుక అచ్చులో వెండి పోయడం నేర్చుకున్నాను. జల్లించిన ఇసుకలో బంకమన్ను కలిపి, చట్రంలో గట్టిగా అదిమి, నమూనాను ఒత్తి మెల్లగా పైకి తీయాలి. చేయి వణికితే అంచు రాలుతుంది. తడి ఎక్కువైతే కరిగిన వెండి మొహం మీదికి చిమ్ముతుంది. ఆరు నెలలు నేను పోసిన వస్తువులన్నీ బొక్కలు పడినవే. "కోపంగా ఒత్తుతాండావమ్మా, ఇసుకకి తెలుస్తాది" అనేవాడు సాయబు. నాకు నవ్వొచ్చేది. కోపమే లేకపోతే ఆ బస్సు ఎక్కేదాన్నే కాదు.

ఎమ్మిగనూరులో చిన్న కొట్టు పెట్టాను. ఒకరోజు అక్క వచ్చింది.

"మా పాపకి పెండ్లి కుదిరింది. మెట్టెలు నువ్వే సెయ్యి. ఇంట్లోనే పనిమంతురాలు ఉండంగ బయటోళ్లకి ఎందుకియ్యాల?"

"సేస్తాలే అక్కా. పెండ్లి యాడ?"

"గోనెగండ్లలో. నువ్వు మాత్రం రావద్దులే. శుభం జరిగే తావున నీ మొగం ఎదురైతే బాగుండదు. ఏమనుకోవాకు."

ఏమనుకోవాలి? నా చేతికి లేని అశుభం నా మొహానికి ఉందట! ఆమె కొట్టు మెట్లు దిగకముందే, ఏం చేయబోతున్నానో నాకు తెలిసిపోయింది.

ఆవాల డబ్బా తెచ్చాను. అక్క ఇచ్చిన వెండి మూసలో సగం కరిగాక నా మెట్టెలు రెండూ అందులో వేశాను. వెండి బాగా కలిసేలా వెలిగారం చల్లాను. చూస్తుండగానే కలిసిపోయాయి. చేయి వణకలేదు. అంతకుముందెప్పుడూ నా పని అంత శుభ్రంగా రాలేదు. చింతపండు నీళ్లలో తోమి, తెల్లగా మెరుస్తున్న మెట్టెలను ఆమె చేతిలో పెట్టి, 'వీటిని కూడా నువ్వే తీయాలి. నీ కూతురి కాళ్ల దగ్గర కూర్చుని, నీ చేత్తోనే లాగాలి' అని మనసులో అనుకున్నాను. పైకి నవ్వాను.

ఆ పిల్ల నాకేం చేసింది? తోలు ఊడిన నా వేళ్లకు ఆ రోజు పసుపు అద్దింది ఆ పిల్లే. మరిచిపోయి చేశానని చెప్పలేను. గుర్తుండే చేశాను.

పిల్ల మొగుడు బోర్లు వేసే లారీ మీద పనికి పోతాడు. నెలల తరబడి ఇంటికి రాడు. ఎక్కడైనా లారీ బోల్తా పడిందని ఫోన్లో చూసినప్పుడల్లా నా గుండె ఎగిరిపడేది. భయంతో అని చెప్పాలని ఉంది. కాదు. మొదట వచ్చింది ఆశ. భయం ఆ తర్వాత వచ్చేది. వెండి కలపడం కన్నా పెద్ద తప్పు ఆ ఆశే.

అతనికి ఏమీ కాలేదు. పోయిన నెల పిల్ల మా కొట్టుకు వచ్చి, కాళ్ల నుంచి మెట్టెలు తీసి నా ముందు పెట్టింది.

"అరిగిపోయినాయి చిన్నమ్మా. ఇవే కరగబెట్టి మళ్లీ పోసియ్యి. కొత్త వెండి మాత్రం కలపొద్దు. ఇవి తొడిగినకాడి నుంచి నీ అల్లుడు యాడికి పోయినా బాగా తిరిగొస్తాండాడు."

ఆమెకు తెలియకుండా వేరే వెండి పోసి ఇద్దామనుకున్నాను. కానీ అలా చేస్తే అక్క నమ్మే అశుభాన్ని నేనూ నమ్మినట్టే కదా? చేయకపోతే, ఇంకా ఆ చావు కబురు కోసం కాచుకుని ఉన్నట్టేనా? నాకు తేలలేదు. చివరికి ఆ వెండినే కరిగించి పోశాను. ఈసారి చేయి వణికింది. ఒక అంచు రాలితే ఆకురాయితో అరగదీసి సరిచేశాను.

తీసుకోవడానికి వచ్చిన రోజు పిల్ల పీట మీద కూర్చుని, కాలు నా ఒళ్లో పెట్టింది. "పెండ్లినాడు నువ్వు రాకపోతివి. ఇయ్యాలన్నా నువ్వే తొడుగు" అంది. తొడిగాను. నేను తొడిగానని వాళ్ల అమ్మకు తెలిస్తే ఏమంటుందో. ఆ పిల్లకు నిజం తెలిస్తే ఏమంటుందో.

చెప్పలేదు. చెప్పను కూడా. అక్క మీద నా పగ ఇసుమంత కూడా తగ్గలేదు. అది నాది, నాతోనే ఉండనీ. కానీ దాన్ని తీసుకెళ్లి నాకు పసుపు అద్దిన పిల్ల కాలికి తొడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంతకాలానికి ఈ మాట నా నోరు దాటింది.