రేపురండి గారికి ఒక కథ

ఫ్లెక్సీలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో ఎవరు పోయినా ఒకేలా పోయేవారు. అదే నీలాకాశం, అవే తెల్లమేఘాలు, అటూ ఇటూ రెండు దీపాలు, పైన ఎగిరిపోతున్న ఒక పావురం, కింద 'మీరు లేకపోయినా మీ జ్ఞాపకాలు మాతోనే' అనే వాక్యం. ఫొటో, పేరు మారిస్తే సరిపోయేది. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే ఆ మేఘాలు పెట్టినవాణ్ణి నేనే. డిగ్రీలో తెలుగు తీసుకుని, కథలు రాసి పత్రికలకు పంపి, అవి అచ్చుకాకపోతే (తిప్పి పంపే మర్యాద అప్పటికే పోయింది) చివరకు బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇప్పుడెక్కడ చూసినా 'ఇష్టమైన పనినే వ్యాపారం చేసుకోండి, మీ కథే మీ పెట్టుబడి' అని కుర్రాళ్ళకు క్లాసులు చెబుతున్నారు. ఈమధ్య మా ఊళ్ళోనూ అలాంటిదొకటి పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. ఏవో నాలుగు మంచిమాటలు చెప్పి, టీ తాగి వచ్చేశాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

మా నాన్న నర్సీపట్నానికీ కోటవురట్లకూ మధ్య షేర్ ఆటో నడిపేవాడు. రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిని వదిలేసి వెళ్ళడం ఆయనకు చేతకాదు. ఆటో నిండిపోయి, తన సీటు మీదే అటొకరు ఇటొకరు ఒరిగి కూర్చుని, హేండిల్ పట్టుకోవడానికి మాత్రమే చోటు మిగిలినా సరే, "సర్దుకోండమ్మా, పాపం ఎండలో నిలబడ్డాడు" అని ఆపేసేవాడు. అలాంటి మనిషి ఒకనాటి పొద్దున్న ఆటోస్టాండులో టీ తాగుతూ గుండె ఆగి పోయాడు. గ్లాసు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి మరీ పడిపోయాడని తోటి డ్రైవర్లు ఎంతో మెచ్చుకోలుగా చెప్పారు. పెద్దకార్యానికి ఫ్లెక్సీ నేనే చెయ్యాలి కదా. మా ఓనరు గారు నా భుజం తట్టి, "మేఘాలెట్టేయ్, నీ దగ్గర ఏటీ తీసుకోను" అన్నారు. మేఘాలు తెరిచాను. మా నాన్నను వాటి మీద పెట్టాను. కింద పడిపోతాడేమో అన్నట్టున్నాడు. పైగా మాకున్న ఒకే ఒక్క మంచి ఫొటో ఏదో పెళ్ళిలో తీసింది, అందులో మా బాబాయి చెయ్యి ఆయన భుజమ్మీద ఉంది. ఎంత చెరిపినా రెండు వేళ్ళు మిగిలిపోయాయి. అప్పుడు నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చి, మేఘాలన్నీ తీసి పారేసి, ఆ ఖాళీ నిండా రాయడం మొదలుపెట్టాను.

'మా నాన్నకు రివర్స్ గేరంటే భయం. వెనక్కి వెళ్ళాల్సి వస్తే దిగి తోసుకునేవాడు. మా అమ్మ మీద కోపం వస్తే ఆటోను తిట్టేవాడు. కోడి కోసిన రోజున అందరికంటే ముందు కూర్చుని అందరికంటే ఆఖరున లేచేవాడు.' ఇలా సాగింది. ఓనరు గారు చూసి, "ఇదేటి బాబూ, కరపత్రమా" అన్నారు. పెద్దకార్యం నాడు మా మావయ్య చదివి, "సచ్చిపోయినోడి పరువు నడివీధిలో ఎట్టేసేవు కదరా" అని భోజనం మానేశాడు. (అలిగి అరటాకు ముందు నుంచి లేచాడు గానీ గారెలు తిన్నాకే లేచాడు.) అయితే మిగతా జనం భోజనాల బంతి వదిలేసి ఫ్లెక్సీ ముందు నిలబడ్డారు. నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. ఫ్యాన్సీ షాపాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, "మాయమ్మ పోయి వారమయింది, ఆవిడక్కూడా ఇలాటిది రాస్తావేటి" అని అడిగారు. నా వ్యాపారం అలా మొదలయింది. పత్రికలకు అక్కర్లేని నా రాతలు చచ్చిపోయినవాళ్ళకు అక్కరకొచ్చాయని నేను పొంగిపోయాను.

కానీ పోయినవాళ్ళ గురించి మాట్లాడించడం అంత తేలిక కాదు. ఏ ఇంటికి వెళ్ళినా, "దేవుడండి. అలాటి మనిషి మళ్ళీ పుట్టడండి" అని ఆగిపోతారు. దేవుడితో నాకు పనేముంది, మేఘాలు పెట్టేస్తే సరి. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ముందు మా నాన్న కథ చెప్పేవాణ్ణి. రివర్స్ గేరు సంగతి చెప్పగానే గుండ్లు చేయించుకున్న కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకునేవారు. ఆ తర్వాత ఎవరో ఒకరు, "మా నాన్న కూడా అంతేనండి, బల్లిని చూస్తే మంచమెక్కీవోడు" అని మొదలుపెట్టేవారు. ఇక ఆగేవారు కాదు. ఏడుస్తున్న ఇంటికి వెళ్ళి, నవ్వించి, ఆ నవ్వు మీంచి అసలు ఏడుపు ఏడిపించి రావడం నా వృత్తయిపోయింది. దానికి తగ్గ గౌరవమే దక్కింది. నేను బండి మీద ఏ వీధిలోకి తిరిగినా "ఎవరండీ పాపం" అని అడిగేవారు. జ్వరంతో ఉన్న స్నేహితుణ్ణి చూద్దామని వెళితే వాళ్ళమ్మ గుమ్మంలోనే ఆపి, "ఆడు బాగానే ఉన్నాడు, నువ్వెళ్ళు నాయనా" అంది.

ఇలా మా నాన్న కథలన్నీ ఊరి నిండా పంచేశాను, ఒక్కటి తప్ప. అది మా అమ్మది. నాన్న పోయిన తర్వాత ఒక మధ్యాహ్నం, చింతపండు గింజలు తీస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది. నాకంటే ముందు వాళ్ళకొక ఆడపిల్ల పుట్టి, ఆసుపత్రిలోనే పోయిందట. అమ్మను ఇంటికి తీసుకెళ్ళడానికి నాన్న ఆటో తెచ్చాడు. వీధి మలుపు దగ్గరకొచ్చేసరికి అమ్మ, "ఇంటికొద్దు" అందట. ఎందుకని అడగలేదాయన. ఆటోను కోటవురట్ల రోడ్డు మీదకు తిప్పాడు. అక్కడిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి, సాయంత్రం దాకా అలా తిప్పుతూనే ఉన్నాడు. ఖాళీ ఆటో కదా, దారిపొడుగునా జనం చేతులెత్తారు. జీవితంలో ఎవరినీ వదలని మా నాన్న ఆ రోజు ఒక్కరికీ ఆపలేదు. ఒకడు తిడుతూ వెనకాలే పరిగెత్తాడట.  చివరకు అమ్మ, "ఆకలేస్తంది" అంటే, అప్పుడు ఆటో పక్కకు ఆపి, హేండిల్ మీద తల పెట్టి ఏడ్చాడట. ఈ కథ ఏ ఇంట్లోనూ చెప్పి వ్యాపారం చెయ్యకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. నేను పెట్టుకుని నిలబెట్టుకున్న ఒట్లు అప్పటికి అదొక్కటే.

అప్పుడొచ్చారు రేపురండి గారు. ఒక ఆఫీసులో గుమాస్తా చేసి రిటైరయిన పెద్దమనిషి, భార్య ఎప్పుడో పోయింది. ఎవరు ఏ కాయితం కోసం వెళ్ళినా తలెత్తకుండా "రేపు రండి" అనేవారు కాబట్టి ఊరు ఆయన అసలు పేరు మరిచిపోయింది. షాపులోకొచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"పోయినవారు ఎవరండీ" అని మామూలుగా అడిగాను.

"ఇంకా పోలేదు బాబూ. నేనే" అన్నారు. "విశాఖపట్నంలో పెద్ద డాక్టరు గారికి చూపించుకున్నాను. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారండీ అంటే, ఇంక రానక్కర్లేదండీ అన్నారు."

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయనే కొంచెం నవ్వారు. "ఊరు నన్నేటంటాదో నాకు తెలుసు. రేపు నా బొమ్మ కట్టగానే అదే అంటారు. మా అమ్మాయి ఇక్కడే టీచరు. అది చదువుకోడానికి నా గురించి ఒక్క కథ కావాలి. మీరు మాటలు రప్పిస్తారట కదా, నాక్కూడా రప్పించండి."

నా దగ్గరున్న సరుకంతా తీశాను. రివర్స్ గేరు చెప్పాను, కోడి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, బాగుందని మెచ్చుకుని, చాలాసేపు ఆలోచించి, "ఆఫీసుకెళ్ళేవాణ్ణి. వచ్చేవాణ్ణి" అన్నారు. ఇంట్లో ఎలా ఉండేవారండీ అంటే, "ఆవిడ వండేది. ఉప్పెక్కువైతే చెప్పేవాణ్ణి" అన్నారు. తక్కువైతే అని అడిగాను, అదీ చెప్పేవారట. చిన్నప్పటి అల్లరి లేదు, కుక్క కరవలేదు, సినిమాకెళ్ళి తప్పిపోలేదు. రోజూ రావడం, ఏమీ దొరక్కపోవడం. చివరకు నా నోటితో నేనే, "రేపు రండి మాస్టారూ, ఏదో ఒకటి గుర్తొస్తుంది" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం ఏమీ అనుకోకుండా, "అలాగే బాబూ" అని లేచారు. చిక్కిపోతున్నారని కళ్ళకు తెలుస్తూనే ఉంది.

ఒకరోజు ఆయన చాలా నీరసంగా వచ్చి, "బతుకంతా వెతికేను బాబూ. ఏటీ లేదు" అన్నారు. ఆ మొహం చూసి నా మనసు ఆగలేదు. జాలో, దీనికి కూడా మాట రాకపోతే ఇంక దేనికీ రాదనే పంతమో, కోటవురట్ల రోడ్డు కథ చెప్పేశాను. అది ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి.

 ఆయన నేల చూపులు చూస్తూ, "మాకూ ఒక పిల్ల పోయింది" అన్నారు. "ఇప్పుడున్న అమ్మాయి కంటే ముందు. ఆవేళ నేను ఆఫీసుకెళ్ళిపోయాను. లీవు పెట్టొచ్చు. ఇంట్లో ఏటి చెయ్యాలో తోచక వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ పొద్దున్న కూర్చున్న చోటే ఉంది. అన్నం పెట్టమన్నాను."

నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఆయనే అన్నారు. "ఆ కథ నాకిచ్చేయండి బాబూ. మీ నాన్నగారికి బోలెడున్నాయి. నాకూ అప్పట్లో స్కూటరుండేది."

"అది మా అమ్మదండీ. కుదరదు" అన్నాను.

"నిజమే. తప్పడిగేను" అని లేచి, గుమ్మం దాకా వెళ్ళి, "రేపొస్తాను" అన్నారు. రాలేదు. తర్వాత కొన్నాళ్ళకు ఆయన కూతురు వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నాన్నగారు తన కథ మీ దగ్గర పెట్టేనని చెప్పేరండి. అడిగి రాయించుకోమన్నారు" అని, ఆయన కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. నేను కంప్యూటర్ వైపు తిరిగాను. మేఘాలు తెరిచాను. వాటి మీద ఆయన ఫొటో పెట్టాను. ఎప్పుడూ ఎవరికీ అతకని ఆ మేఘాలు ఆయనకు సరిగ్గా అతికాయి, అదే నన్ను చంపేసింది. వెనక ఆ అమ్మాయి ఊపిరి వినిపిస్తోంది. మేఘాలు మూసేసి రాయడం మొదలుపెట్టాను. ఆటోను స్కూటర్ చేశాను. కోటవురట్ల రోడ్డును బలిఘట్టం రోడ్డు చేశాను. మిగతాదంతా అలాగే ఉంచాను.

ఆ అమ్మాయి స్క్రీన్ మీద చదువుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. "అమ్మ ఎప్పుడూ చెప్పలేదండి. నాన్నని నేను సరిగ్గా చూడలేదండి" అంది. ఫ్లెక్సీ వాళ్ళ వీధి మొగలో కట్టారు. ఆయన్ని నానామాటలన్నవాళ్ళు కూడా దాని ముందు ఆగి, చదివి, "పైకి కనపడడు గానీ" అనుకుంటూ పోయారు. నేను ఆ వీధి వైపు వెళ్ళడం మానేశాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవాడికి మా అమ్మ కూరలకు అదే దారిన వెళుతుందన్న సంగతి తట్టలేదు.

ఒక సాయంత్రం సంచీ తెచ్చి నా ముందు దించి, గోడకు చేరబడి కూర్చుంది. ఆమెకు చదువు తక్కువ, కూడబలుక్కుని చదువుతుంది. అంత పొడుగు ఫ్లెక్సీ ముందు ఎంతసేపు నిలబడిందో.

"ఆ గుమస్తా గారి బొమ్మ సూసేన్రా" అంది. "ఆయన కూడా ఆళ్ళావిడిని బండి మీద తిప్పేడట. సీకటడిందాకా."

నేను సంచీలోంచి వంకాయలు తీసి ఏరడం మొదలుపెట్టాను.

"ఇన్నాళ్ళూ మీ నాన్నొక్కడే అనుకున్నాన్రా. సదివినప్పుడు కొంచెం మనసు కష్టమయింది. నాది నాకు కాకుండా అయిపోయినట్టు. మళ్ళీ అనిపించింది, పోన్లే, ఆయమ్మ కూడా ఆ రోజు ఒక్కర్తీ కూకోలేదు కదా అని. ఒక్కర్తీ కూకోడం మా సెడ్డది." గోడ దగ్గర్నుంచి ముందుకు జరిగి, "ఆయమ్మ బతికుంటే ఓపాలి ఎల్లి కలిసొద్దును" అంది.

నర్సీపట్నంలో ఏ చావింట్లోనైనా మాట పుట్టించగలనని ఛాతీ విరుచుకు తిరిగిన ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఆ సాయంత్రం వాడు బుర్రంతా వెతుక్కున్నాడు. "వంకాయలు లేతగా ఉన్నాయమ్మా" అన్నాడు. మా అమ్మ ఒక కాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, అవునంది.