నేనొక్కణ్ణే అన్న రోజు

మొన్న యాప్రాల్‌లో మా అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ వాసన వస్తోందని వాచ్‌మన్ తలుపు కొట్టి, “లోపల ఇంకెవరన్న ఉన్నరా సార్?” అని అడిగాడు. నేనొక్కణ్ణే అన్నాను. అనగానే ఎడమ భుజం కలుక్కుమంది. నా ఈడు వాళ్లకి భుజాలు కలుక్కుమనడానికి కారణాలు అక్కర్లేదు గానీ, దీనికి ఒకటుంది.

నిజాం సైన్యం లొంగిపోయిన రోజులవి. మేము చిలకలగూడలో ఉండేవాళ్లం, నేను కాలేజీలో తత్వశాస్త్రం వెలగబెడుతున్నాను. ఉందని ఖాయంగా చెప్పగలిగింది నా మనసొక్కటేననీ, తక్కిన లోకమంతా దాని ఊహే కావచ్చుననీ అక్కడ నేర్చుకొచ్చి, సందు చివరి దర్జీగారి కొడుకు మీద ప్రయోగించేవాణ్ణి. నువ్వూ నా ఊహవే అంటే, “గట్లయితే జెర మంచిగ ఊహించుకోరాదు భాయ్, గింత ముక్కెందుకు పెట్టినవ్?” అనేవాడు.

అంతకుముందు రజాకార్లు మా మామయ్య చెయ్యి విరగ్గొట్టారు. ఇప్పుడు బదులు తీర్చుకుంటామని కర్రలతో బయల్దేరినవాళ్లకి రజాకార్లు దొరకలేదు, ముసల్మానైన పాపానికి దర్జీగారి దుకాణం దొరికింది. దాన్ని తగలబెట్టి, అడ్డొచ్చిన ఆయన తల పగలగొట్టి, కొడుకు కోసం వెతకసాగారు. వాడు మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి బియ్యం బస్తాల వెనక దూరాడు. అయితే ఇంట్లోకి చెప్పులతో వస్తే మా అమ్మ ఊరుకోదని ఎరిగినవాడు కనుక, ప్రాణం కోసం పరుగెత్తుతూ కూడా గుమ్మం ముందు వాటిని విడిచి, పక్కపక్కన సర్ది మరీ వచ్చాడు.

అమ్మ ఆ పూట ఇంట్లో లేదు. కర్రలవాళ్లు గుమ్మం ముందుకొచ్చి లోపల ఎవరున్నారంటే నేనొక్కణ్ణే అన్నాను.

“మరి గీ చెప్పులెవరియిరా?”

నావే అన్నాను. తొడిగి చూపించమన్నారు. మడమలు బయట వేలాడుతుండగా వాకిట్లో నడిచి, కొత్తవి, ఇంకా సాగలేదన్నాను. ఒకడు నవ్వాడు. రెండోవాడికి హాస్యం పడదు కాబోలు, కర్రతో భుజం విరిచి, నేను కింద పడ్డాక పక్కటెముకలకు కూడా తన అభిప్రాయం తెలియజేశాడు. నావే, నావే అంటూనే ఉన్నాను. నొప్పి నాదన్నది ఖాయమే. బస్తాల వెనక ఊపిరి బిగబట్టి ఇంకొకడున్నాడన్నది అంతకన్నా ఖాయంగా తెలిసింది. ఒకడు గుమ్మం దాటబోతుంటే పక్క సందులోంచి ఎవరిదో కేక వినబడింది, అందరూ అటు పరుగెత్తారు. ఆ కేక ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

వాడు బయటికొచ్చి తన చొక్కా చింపి నా భుజానికి కట్టు కట్టాడు. “పాగల్ అయినవా భాయ్? ఊహ కోసం గిన్ని తన్నులు తింటరా ఎవరన్న?” అని ఏడ్చాడు.

దర్జీగారు కోలుకోలేదు. తల్లీ కొడుకూ త్వరలోనే ఊరు విడిచారు. ఎక్కడికో చెప్పలేదు, చెప్పి వెళ్లే రోజులు కావవి.

ఇప్పుడా సందు నిండా మేడలే. ఆ దుకాణం ఎక్కడుండేదని అడిగితే చూపించే మనిషి లేడు. ఆ సందూ, అందులోని మనుషులూ నా మనసులో తప్ప ఇంకెక్కడా లేరు. చదువుకునే రోజుల్లో అంత గట్టిగా వాదించిన మాట చివరికి ఇలా నిజమైంది. కాదనడానికి వాడొక్కడుంటే బాగుండేది.