కాటన్‌పేటలో ఈశ్వరి పొయ్యి

1997 మార్చిలో నేను పుంగనూరు పట్టు సాంకేతిక సేవా కేంద్రంలో అసిస్టెంట్ సెరికల్చర్ ఆఫీసరుగా ఉన్నాను. పట్టురైతు మహిళలను రెండు రోజుల విజ్ఞాన యాత్రకు బెంగుళూరు తీసుకువెళ్ళమని మదనపల్లె నుంచి ఆర్డరు వచ్చింది. రామసముద్రం, పుంగనూరు మండలాల ఆడవాళ్ళు నాతో బస్సులో రావాలి. కుప్పం వాళ్ళు రైలు దిగి బస్టాండు ఉన్న మెజెస్టిక్‌లో మమ్మల్ని కలవాలి. మొదటి రోజు శిక్షణ తరగతి. రెండో రోజు పట్టుగూళ్ళ నుంచి దారం తీసే యూనిట్టు, ఆ తరువాత ముడిపట్టు బజారు. పడక సత్రంలో. తిండి ఏర్పాటు మాత్రం వెంట వెళ్ళే ఆఫీసరుదే.

నాకు ఆ చివరి మాటే కష్టమనిపించింది. నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, లెక్కలు చెప్పి, మెట్రిక్ ప్రైవేటుగా కట్టించారు. ఆయన దయవల్ల ఉద్యోగం వచ్చింది గానీ, ఆ ఇంటి అలవాట్లూ నాతోనే వచ్చాయి. క్యాంపుకు ఎక్కడికి వెళ్ళినా పొద్దున్నే దీపం పెట్టుకుని, క్యారియరు కట్టుకుని బయలుదేరేదాన్ని. హోటలు మెట్లు ఎక్కింది చాలా తక్కువ. అందుకని మెజెస్టిక్ చుట్టుపక్కల ఏ వీధిలో ఏ హోటలు శుభ్రం, ఎక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు, ఎక్కడ నిలబడి తినాలి అన్నవి తెలిసినవాళ్ళను అడిగి పెట్టుకున్నాను.

బయలుదేరే రోజు రామసముద్రం దగ్గరి పల్లె నుంచి రావలసిన రెడ్డెమ్మ రాలేదు. మోకాలు వాచిందని తన బదులు కోడలు ఈశ్వరిని పంపింది. ఒక ఇంటి మనిషికి బదులు అదే ఇంటి మనిషిని తీసుకుపోవడానికి మాకు వీలుంది. ఈశ్వరి చిన్న పిల్ల, మాట తక్కువ. పక్కింటి మునెమ్మ పక్కన సర్దుకుని కూర్చుంది. మునెమ్మ ఎక్కడున్నా అక్కడ నవ్వులుంటాయి.

మధ్యాహ్నం శిక్షణ కేంద్రంలోనే అందరూ ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దులు విప్పారు. సాయంత్రం మాత్రం హోటలుకు తీసుకువెళ్ళాను. పెద్ద శాకాహార హోటలు, తళతళలాడే బల్లలు. సాంబారు నోట్లో పెట్టుకోగానే మునెమ్మ ముఖం మారిపోయింది.

"మేడం, ఈళ్ళ ఇంట్లో ఎవురికన్నా పెండ్లా? సాంబార్లో బెల్లమేసినారు!"

కుప్పం నుంచి వచ్చిన ఒకామె అందుకుంది. "బెంగుళూరోళ్ళు అంతే అక్కా. మిరపకాయని దూరం నుంచి సూపించి పెడతారు."

"ఉప్పన్నా దగ్గరికొచ్చిందా, అదీ దూరమేనా?"

అందరూ నవ్వుతూనే తిన్నారు. ఈశ్వరి తినలేదు. ఆకలి లేదంది. నేను బలవంతం చేస్తే రెండు అరటిపండ్లు తీసుకుంది. కొత్త చోటు, కొత్త మనుషులు, సంకోచమేమో అనుకున్నాను. మరునాడు పొద్దున నిలబడి తినే హోటల్లో ఇడ్లీ తీసుకున్నాం. ఆ పిల్ల కాఫీ కూడా ముట్టలేదు. ఒక ఎళనీరు, అంటే లేత కొబ్బరి నీళ్ళు తాగి, చాలు మేడం అంది.

దారం తీసే యూనిట్టులో ఉడుకుతున్న గూళ్ళ వాసన గట్టిగా ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు అక్కడ నిలవలేరు. వీళ్ళు పట్టు పండించేవాళ్ళే గానీ, గూడు మార్కెట్లో అమ్మాక దానికి ఏమవుతుందో చూసినవాళ్ళు కారు. దారం తేలడం చూసి అందరూ ఆశ్చర్యపోతుండగా ఈశ్వరి గోడ పట్టుకుని కూలబడింది. బయటకు తెచ్చి ముఖాన నీళ్ళు చల్లాం. అప్పుడు మునెమ్మ నా చెవి దగ్గరకు వచ్చింది.

"మేడం, దీనికి నాలుగో నెల. మొగమాటానికి సెప్పలేదు. నిన్నటి మజ్జానం నుంచి కడుపులో ముద్ద లేదు."

 పక్కనే హోటలుంది, అన్నం తిను తల్లీ అన్నాను. ఈశ్వరి తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పట్టు విడవలేదు. కారణం మెల్లగా చెప్పింది.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండి పాత చర్మం వదులుతుంది. దాన్ని మా రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక వారం రోజులు అది రాత్రీ పగలూ తింటుంది. పంట దక్కేదీ పోయేదీ ఆ వారంలోనే. ఆ రోజుల్లో పురుగులకు మేత వేసే ఆడమనిషి చావు ఇంటికి, పురుటి ఇంటికి పోదు. పరాయి పొయ్యి మీద ఉడికింది తినదు. పచ్చి పండు, కొబ్బరి నీళ్ళు పరవాలేదు. అన్ని ఇళ్ళలోనూ ఇంత కట్టుబాటు లేదు. రెడ్డెమ్మ ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచిన మరునాడే ఈశ్వరి బస్సెక్కింది. మామూలుగా మేత వేసేది ఆ పిల్లే, ఈ రెండు రోజులే ఇంటి మగవాళ్ళు చూస్తున్నారు. తిరిగి పోగానే మళ్ళీ పురుగులుండే తట్టల దగ్గరికి పోవలసిందీ ఆ పిల్లే.

నేను శాఖలో నేర్చుకున్నది చెప్పాను. రోగం చేతుల వెంట, కాళ్ళ వెంట, కడగని తట్టల వెంట వస్తుంది. మనం నోట్లో పెట్టుకున్న అన్నం పురుగు దాకా పోదు అని. ఈశ్వరి శ్రద్ధగా వినింది. చివర ఒకే మాట అంది.

"మీరు సెప్తే నాకు తెలస్తాది మేడం. మా అత్తకి ఎవురు సెప్తారు?"

మిగతాది మునెమ్మ చెప్పింది. ఈశ్వరి యారాలు, అంటే తోటికోడలు, ఇలాగే చివరి మేతలో ఎక్కడో పెళ్ళిలో భోజనం చేసి వచ్చింది. ఆ పంటకు పాలరోగం తగిలింది. పురుగు ఉబ్బి, పగిలి, పాలలాంటి నీరు కారే రోగం అది. "ఆ యమ్మ ఇప్పుటికీ ఒక పూట కూర మాడిస్తే సాలు, పురుగుల్ని తిన్న నోరు అంటారు. ఈ పిల్ల మీద ఆ మాట పడితే, పుట్టేదానిమీద కూడా పడతాది."

అప్పుడు నాకు విషయం తేటపడింది. ఆ పిల్ల భయం పురుగుల గురించి కాదు, నింద గురించి. నిందకు మందు నా శాస్త్రంలో లేదు. పైగా క్యారియరు మోసుకు తిరిగినదాన్ని, ఇంకొకరి పట్టింపును తప్పని కొట్టిపారేసే మనసు నాకు రాలేదు. ఆమె తినే అన్నం ఎవరూ వేలెత్తి చూపలేనిదై ఉండాలి. బెంగుళూరు నడిబొడ్డున అలాంటి అన్నం ఎక్కడ దొరుకుతుంది?

తన చేత్తో వండుకుంటే తింటావా అని అడిగాను. "కడిగిన పొయ్యి, కడిగిన కుండ అయితే తింటాను మేడం. అట్లయితే మా అత్త కూడా తింటాది" అంది.

మిగతావాళ్ళను ముడిపట్టు బజారులో వివరాలు చెప్పే ఉద్యోగి దగ్గర కూర్చోబెట్టి, ఈశ్వరినీ మునెమ్మనూ వెంటబెట్టుకుని బయలుదేరాను. ముందు నిన్నటి హోటలుకే వెళ్ళాం. మేనేజరు మర్యాదస్థుడు. వంటగదిలోకి బయటివాళ్ళను రానివ్వలేమని, కావాలంటే పెరుగన్నం విడిగా కలిపిస్తానని అన్నాడు. ఆయన ఇవ్వగలిగింది ఆయన ఇవ్వజూపాడు. అది మాకు పనికివచ్చేది కాదు. పక్క వీధిలో రాగిముద్ద బోర్డు చూసి మునెమ్మ ముఖం వెలిగింది. అది మిలటరీ హోటలు. అంటే మాంసం వండే చోటు. గుమ్మం దగ్గరే ఆ ఘాటు తగిలి ఈశ్వరి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కు తిరిగింది.

ఎండ మండుతోంది. ఆ పిల్ల నడక తూలుతోంది. మనసులోనే స్వామిని తలుచుకున్నాను. నేను ఎక్కువ అడిగే మనిషిని కాను, ఆ రోజు అడిగాను. పట్టు మూటలు దింపుతున్న ఒక పెద్దమనిషి మా తెలుగు విని ఆగి, సంగతి కనుక్కుని, కాటన్‌పేట వెనక సందులో రత్నమ్మ మెస్సుకు పొమ్మన్నాడు. కోలారు వైపు నుంచి వచ్చే మూటలవాళ్ళంతా అక్కడే తింటారట.

మెస్సంటే ఒక చావడి, రెండు బెంచీలు, వెనక చిన్న పెరడు. రత్నమ్మ యాభై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతిలో గరిటె. కన్నడంలో ఏదో అనబోయి మమ్మల్ని చూసి తెలుగులోకి దిగింది. సగం చెప్పానో లేదో, నన్ను వదిలేసి ఈశ్వరిని అడిగింది.

"ఎన్నో జొరం లేసినాయి?"

"నాలుగోది."

"మేత యా రోజు?"

"ఈ పొద్దుకి మూడోది."

"మాది కోలారు కాడ శ్రీనివాసపురం పక్కనేలే. మా అమ్మ కూడా ఇట్లే మూతి కట్టుకోని కూసునేది." అంటూనే లోపలి నుంచి కిరసనాయిలు స్టవ్వు తెచ్చి పెరట్లో పెట్టింది. "పీచు ఆడ ఉండాది, బూడిద ఈడ ఉండాది. నేను కడిగితే మళ్ళా నా సెయ్యి తగిలిందంటావు. నువ్వే తోముకో."

ఈశ్వరి స్టవ్వు కడిగింది, గిన్నె తోమింది. సందు మొదట్లో ఉన్న అంగడికి మునెమ్మతో పోయి రాగిపిండి, బియ్యం నూక, చెనిగ్గింజలు అంటే వేరుశనగలు, ఎండుమిరపకాయలు తనే తెచ్చుకుంది. రత్నమ్మ రోలు చూపించి దూరంగా నిలబడింది. మిరపకాయలు వేయించే ఘాటుకు మూటలవాళ్ళు చావడిలో దగ్గడం మొదలుపెట్టారు.

"రత్నక్కా, మమ్మల్ని సంపేదానికి ఎవుర్ని పిలిపించినావు?" అని ఒకాయన అరిచాడు.

"నా వంట తిని సావనోడివి, దీనికి సస్తావా? తిను!" అంది రత్నమ్మ.

సంగటి కెలికి, ముద్ద చేసి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరి, ఈశ్వరి గోడ వైపు తిరిగి కూర్చుని తినింది. మొదటి ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. రెండో ముద్దకు ముఖంలో రంగు వచ్చింది. మునెమ్మ చేయి చాపి, "నాకూ ఒక ముద్ద పెట్టే. ఆ బెల్లం సాంబారు ఇంకా నాలిక్కి అంటుకోనుండాది" అంది. నేనూ తిన్నాను. అంత రుచిగల సంగటి తరువాత తిన్నట్టు గుర్తులేదు.

రత్నమ్మకు చేతులు జోడించి ఏదో చెప్పబోయాను. "దండాలు దేవుడికి పెట్టుకో అమ్మా. పొయ్యి కడిగి ఇచ్చిపోండి సాలు" అని తన గరిటె పట్టుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం బస్సులో ఈశ్వరి ఊరు చేరేదాకా నిద్రపోయింది.

కథ అక్కడితో అయిపోలేదు. వారం తిరక్కుండానే రెడ్డెమ్మ ఇంటి నుంచి కబురు వచ్చింది. పురుగులకు పాలరోగం తగిలింది. నేను వెళ్ళేసరికి తట్టల్లో నాలుగో వంతు పోయింది. రెడ్డెమ్మ గడప మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఈశ్వరి వాకిట్లో నిలబడి ఉంది, తల ఎత్తడం లేదు.

"మేడం, దీపం పెట్టే మనిసివి. అబద్ధం ఆడవు. నా కోడలు ఆడ ఏమి తినింది?"

చూసింది చూసినట్టు చెప్పాను. ఇంటి సద్ది, పండ్లు తినిందని, ఎళనీళ్ళు తాగిందని, కడిగిన స్టవ్వు మీద తన చేత్తో వండుకున్న సంగటి తప్ప అక్కడ ఉడికింది ఏదీ ముట్టలేదని. నేను ఆగేలోగా పక్కింటి గోడ మీద మునెమ్మ తల లేచింది.

"నేనూ తిన్నా ఆ సంగటి! గిన్నె తోమి తోమి దాని గోళ్ళు అరిగినాయి. రెడ్డెక్కా, నీ కోడల్ని అంటే నన్నూ అనాల. నన్ను అని సూడు!"

 రెడ్డెమ్మ కోడలి వైపు కాదు, నా వైపు తిరిగింది.

"అట్లయితే ఈ రోగం యాల వచ్చినట్టు?"

ఆ ప్రశ్న కోసమే శాఖ మమ్మల్ని ఊళ్ళకు పంపేది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడగడం నేను అదే మొదటిసారి వినడం. లోపలికి పోయి చూపించాను. పురుగుల గదికి ఎప్పటి నుంచో పైన రేకులే. మధ్యాహ్నం ఆ గదిలో నిలబడలేం. వేడికి డస్సిన పురుగుకు పాలరోగం త్వరగా అంటుకుంటుంది. రోగం తగిలిన పురుగులను ఏరి సున్నం నీళ్ళలో వేయించాను. తట్టల మీద సున్నం పొడి చల్లించాను. రేకుల మీద బోదగడ్డి కప్పి నీళ్ళు చల్లమన్నాను, కిటికీలకు తడి గోనెలు కట్టమన్నాను. రెడ్డెమ్మ అక్కడి నుంచే అరిచి కొడుకులను పని పురమాయించింది. పెద్దకోడలు, ఆ పెళ్ళి భోజనం చేసిన ఆమె, గోనెలు తడుపుతూ ఒకసారి పైకి రేకుల వైపు చూసింది. రెడ్డెమ్మ ఆమెను చూసి, చూపు పక్కకు తిప్పుకుంది. మిగిలిన పురుగులు గూళ్ళు కట్టాయి.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా తీసుకువెళ్ళిన ప్రతి యాత్రకూ తేదీ వేసేముందు ఏ ఇంట్లో పురుగులు ఏ జ్వరంలో ఉన్నాయో కనుక్కున్నాను. సామానులో ఒక స్టవ్వు, రెండు గిన్నెలు పెట్టించాను. వాటిని వాడినవాళ్ళు కొందరే. పెద్ద ఊళ్ళో ఎక్కడ తింటే రుచిగా ఉంటుందో ఎవరిని అడిగినా చెప్తారు. వెంట వచ్చిన మనిషి ఇంటికి పోయాక ఏ తిండికి జవాబు చెప్పుకోవలసి వస్తుందో ఆ మనిషినే అడగాలి. అది ముందు అడిగితే నింద వేయడానికి మనిషి దొరకదు. మనిషి దొరకనప్పుడే ఇంటివాళ్ళు రేకుల వైపు చూస్తారు.