హవెవర్ అంటే అయితే

నరసరావుపేటలో ఒక బట్టల కొట్టు పైగదిలో నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. కింద కొట్లో ఎవరూ ఇంగ్లిష్ మాట్లాడరు. పైన కూడా అంతంతమాత్రమే. ఆ మధ్య నా క్లాసులో నలభై దాటిన ఒక మెకానిక్ భాయ్ చేరాడు. కూతురి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ మొత్తం ఇంగ్లిష్‌లోనే నడుస్తుందట. అక్కడ తలాడించి తలాడించి మెడ నొప్పి పుట్టిందన్నాడు.

ఒకరోజు బోర్డు మీద 'హవెవర్ అంటే అయితే' అని రాసి, టైమైపోయిందని తుడిచేశాను. మన 'అయితే'కు రెండర్థాలున్నాయని నాకు తట్టలేదు. 'వానొస్తోందా, అయితే గొడుగు తీసుకో' అన్నప్పటి అయితేనే ఆయన బుర్రకెక్కించుకున్నాడు.

ఆ శనివారం జిలేబీ పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు.

"మా పిల్ల చానా తెలివిగలదంట మేడం. టీచరమ్మే చెప్పింది."

"ఏమని చెప్పింది?"

నిటారుగా నిలబడి అప్పజెప్పాడు. "యువర్ డాటర్ ఈజ్ ఇంటెలిజెంట్. హవెవర్, షి టాక్స్ టూ మచ్. అంటే తెలివిగలది, అయితే మరి బాగా మాట్లాడుద్దిగా. థాంక్యూ చెప్పి, ఆమెక్కూడా జిలేబీ ఇచ్చొచ్చా."

నా నోట్లో జిలేబీ ఉంది. అది మింగాక, హవెవర్ అంటే 'కానీ' అని, ఆ మాట వచ్చిందంటే పొగడ్త అయిపోయి తిట్టు మొదలైనట్టని చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను, కాస్త చిన్న గొంతుతో.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పిల్ల పక్కనే ఉంది మేడం. దానికి తెలుసుగా. ఒక్క ముక్క చెప్పలా." అంతలోనే అడిగాడు. "'బట్' అంటే సరిపోయేదానికి అంత పొడుగు మాటెందుకు?"

"తిట్టడానికి మొహమాటపడేవాళ్లు వాడతారు."

"మొహమాటం ఉన్నోళ్లు అసలు తిట్టకూడదుగా."

నేను ఇంకో జిలేబీ తీసుకున్నాను.

తర్వాతి మీటింగ్‌లో జరిగింది కూడా ఆయనే చెప్పాడు. టీచరు పొగడ్తతో మొదలుపెట్టి 'హవెవర్' అనగానే ఈయన చెయ్యెత్తాడట. "అక్కణ్ణుంచి తెలుగులో చెప్పండమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టి, "మీ పిల్ల నోరు మూయదండీ. పక్కవాళ్లని రాయనియ్యదు" అందట.

ఆ తర్వాత ఇద్దరూ అరగంట తెలుగులోనే మాట్లాడుకున్నారు. పిల్లను మొదటి బెంచీకి మార్చారు. ఇప్పుడు ఏకంగా టీచరుతోనే కబుర్లు చెబుతోందట.